ఉచిత న్యాయ సహాయం: సర్కారు ఖర్చుతో వచ్చే లాయరు ఎక్కడ అక్కరకొస్తారు, ఎక్కడ మీరే జాగ్రత్త పడాలి

ఏ జిల్లా కోర్టు ఆవరణలోనైనా ‘జిల్లా న్యాయ సేవాధికార సంస్థ’ అని ఒక బోర్డు ఉంటుంది. చిన్న ఊళ్ల కోర్టుల్లో అదే ‘మండల న్యాయ సేవాధికార కమిటీ’. లాయరు ఫీజు, కోర్టు ఫీజు, సమన్ల ఖర్చు, తీర్పు నకళ్లు, అప్పీలు కాగితాల అనువాదం, ముద్రణ, అన్నీ అక్కడ ప్రభుత్వ ఖర్చుతో దొరుకుతాయి. అర్హత ఉన్నవాళ్లలో ఎంతోమంది ఆ గది ముందు నుంచే నడిచి వెళ్లి, అప్పు చేసి తెచ్చిన డబ్బు బయట లాయరుకు కడతారు. ఈ సేవ నిజంగా ఎంతవరకు పనికొస్తుందో, ఎలా వాడుకోవాలో, ఎక్కడ చెడుతుందో చూద్దాం.

ముందు కాస్త సిద్ధాంతం. ఈ సేవ బలమూ బలహీనతా రెండూ అందులోంచే పుట్టాయి. 1958లో తత్వవేత్త ఐజయా బెర్లిన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో స్వేచ్ఛను రెండుగా విడదీసి చూపించాడు. ఇతరులు, ముఖ్యంగా రాజ్యం, నాకు అడ్డు రాకపోవడం నకారాత్మక స్వేచ్ఛ. నా జీవితాన్ని నేనే నడుపుకోగలగడం సకారాత్మక స్వేచ్ఛ. మన రాజ్యాంగంలో ఈ రెండూ లాయరు విషయంలోనే వేర్వేరు చోట్ల కనిపిస్తాయి. అరెస్టయిన మనిషి తనకు నచ్చిన లాయరును సంప్రదించే హక్కును నిరాకరించరాదని 22(1) అధికరణం అంటుంది. రాజ్యం అడ్డు పడకూడదు, అంతవరకే. లాయరుకు ఫీజు ఎవరు కడతారన్నది దానికి పట్టదు. డబ్బు లేదన్న కారణంతో ఏ పౌరుడికీ న్యాయం అందకుండా పోకూడదని, ఉచిత న్యాయ సహాయం రాజ్యమే ఏర్పాటు చేయాలని 39ఎ అధికరణం చెబుతుంది. అది 1976లో 42వ సవరణతో వచ్చింది. వచ్చినా ఆదేశిక సూత్రాల్లో చేరింది కాబట్టి, 37వ అధికరణం ప్రకారం నేరుగా కోర్టుకెళ్లి అమలు చేయించుకునే వీలు లేదు.

ఈ రెండు అధికరణాల మధ్య ఖాళీ ఎంత ప్రమాదమో తెలంగాణకు బాగా తెలుసు. సాయుధ పోరాట కాలంలో హైదరాబాద్ రాష్ట్రపు ప్రత్యేక ట్రిబ్యునళ్లు నల్లగొండ జిల్లా రైతు కార్యకర్తలకు మరణశిక్షలు వేశాయి. విచారణలో తమకు లాయరు లేడని వాళ్లు మొరపెట్టుకున్నారు. 1951లో జనార్దన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు, మరణశిక్ష పడగల కేసైనా సరే, లాయరు లేనంత మాత్రాన విచారణ చెల్లదని ఖాయంగా చెప్పలేమంది. ఉరికంబం ముందు నిలబడ్డ మనిషికి ‘లాయరును పెట్టుకోవద్దని నిన్నెవరూ ఆపలేదుగా’ అన్న జవాబు దక్కింది. ఆ శిక్షలు తర్వాత తగ్గాయి గానీ, సూత్రం మాత్రం చాలా ఏళ్లు అలాగే నిలిచింది.

మార్పు 1978లో మొదలైంది. హోస్కాట్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, ఖైదీకి తీర్పు నకలు, అప్పీలుకు లాయరు ఉచితంగా ఇవ్వాల్సిందేనన్నారు. 1979లో బీహార్ జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గుతున్న విచారణ ఖైదీల కోసం వేసిన హుస్సేనారా ఖాతూన్ కేసులో, ఇది 21వ అధికరణంలోని జీవించే హక్కులోనే భాగమని జస్టిస్ పి.ఎన్. భగవతి తేల్చారు. భాగల్పూర్‌లో ఖైదీల కళ్లు పొడిచిన ఘటనపై వచ్చిన ఖత్రి కేసులో (1981) ఇంకో అడుగు ముందుకు పడింది. మొదటిసారి మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచినప్పటి నుంచే ఈ హక్కు ఉందని, నిందితుడు అడగకపోయినా మేజిస్ట్రేటే చెప్పాలని, ఖజానాలో డబ్బు లేదని రాజ్యం తప్పించుకోలేదని కోర్టు అంది. 1986లో సుక్ దాస్ కేసులో, ఉచిత లాయరు దొరుకుతాడని నిందితుడికి చెప్పలేదన్న కారణంతోనే శిక్షను కొట్టేసింది. ‘అడ్డు పడకు’ అన్న హక్కు కోర్టు తీర్పులతో ‘తోడు నిలువు’ అన్న హక్కుగా మారింది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబర్ 9న అమల్లోకి వచ్చి, దీనికి ఆఫీసూ ఫారమూ ఇచ్చింది.

ఇక అర్హత. అన్నిటికంటే ఎక్కువ తప్పుడు సమాచారం తిరిగేది ఇక్కడే. ‘పేదవాళ్లకే’ అని చాలామంది అనుకుంటారు. చట్టంలోని 12వ సెక్షన్‌లో ఆదాయంతో సంబంధం లేని వర్గాలే ఎక్కువ. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, మనుషుల అక్రమ రవాణా లేదా వెట్టిచాకిరీ బాధితులు, పారిశ్రామిక కార్మికులు, వరద, కరువు, భూకంపం, కుల దాడులు, పారిశ్రామిక విపత్తుల బాధితులు, కస్టడీలో ఉన్న ఎవరైనా ఇందులోకి వస్తారు. 2020 మేలో విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకైనప్పుడు దెబ్బతిన్న కుటుంబాల్లాంటివి విపత్తు బాధితుల కిందికే వస్తాయి, వాళ్ల జీతం ఎంతైనా సరే. కస్టడీ అంటే జైలు ఒక్కటే కాదు. సంరక్షణ గృహం, బాలల గృహం, మానసిక చికిత్సాలయం కూడా. ఆదాయ పరిమితి ఈ వర్గాల్లో దేనికీ చెందని పురుషుడికే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది ఏడాదికి 3 లక్షలు, సుప్రీంకోర్టు కేసులకు 5 లక్షలు. నెలకు లక్ష సంపాదించే ఉద్యోగిని భరణం కేసుకైనా, గృహహింస కేసుకైనా నిశ్చింతగా దరఖాస్తు పెట్టొచ్చు. ‘మీకు జీతం ఉంది కదమ్మా’ అని ఎవరైనా తిప్పి పంపబోతే మహిళలకు, పిల్లలకు వర్తించే 12(సి) సెక్షన్ అని చెప్పి, తిరస్కరణను రాతలో ఇమ్మని అడగండి.

దరఖాస్తుకు పెద్ద తతంగం లేదు. తెల్లకాగితం చాలు, తెలుగులో రాస్తే చాలు. చదువు రానివాళ్లు నోటితో చెబితే అక్కడి సిబ్బందో, పారా లీగల్ వాలంటీరో (సంస్థ తరఫున సాయం చేసే వ్యక్తి) రాసి వేలిముద్ర వేయించుకోవాలి. పేరు, చిరునామా, ఏ వర్గం కింద అడుగుతున్నారో, అవతలి పక్షం ఎవరో, కేసు ఏ కోర్టులో ఏ దశలో ఉందో, ఏం కావాలో రాయండి. ఉన్న కాగితాల నకళ్లు జత చేయండి. ఆదాయం కింద అడిగేవాళ్లను తహసీల్దారు సర్టిఫికెట్టు తెమ్మని తిప్పడం కనిపిస్తుంది. 13వ సెక్షన్ ప్రకారం ఆదాయానికి అఫిడవిట్ చాలు. అది నమ్మదగ్గది కాదని అనుకోవడానికి కారణం ఉంటేనే ఆఫీసు ఇంకేమైనా అడగాలి. 2010 నాటి నిబంధనల ప్రకారం నిర్ణయం వెంటనే, ఆలస్యమైనా 7 రోజుల్లోపు రావాలి. కాబట్టి దరఖాస్తు రెండో ప్రతి మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోవడం మరిచిపోవద్దు. ఆ ముద్ర లేకపోతే 7 రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలో ఎవరూ చెప్పలేరు. వెళ్లలేని పరిస్థితి ఉంటే 15100కు ఫోన్ చేయొచ్చు, జాతీయ న్యాయ సేవాధికార సంస్థ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ పెట్టొచ్చు. కామన్ సర్వీస్ సెంటర్లలో దొరికే టెలీ-లా వేరే సేవ. అందులో సలహా ఒక్కటే దొరుకుతుంది. కోర్టుకు వచ్చి వాదించే లాయరు కావాలంటే ఈ దారే పట్టాలి.

ఒక ప్రమాదం ఇక్కడే చెప్పాలి. దరఖాస్తు పెట్టినంత మాత్రాన గడువు ఆగదు. మేజిస్ట్రేటు వేసిన శిక్షపై సెషన్స్ కోర్టుకు అప్పీలు 30 రోజుల్లో, సెషన్స్ కోర్టు శిక్షపై (మరణశిక్ష కాకపోతే) హైకోర్టుకు 60 రోజుల్లో వేయాలి. ఆఫీసులో కాగితం కదలకపోతే నష్టం మనకే. గడువు తేదీని దరఖాస్తు మొదటి వరుసలోనే, ఎర్ర సిరాతోనైనా సరే, రాసి పెట్టండి.

ఈ సేవ నిజంగా విలువ చూపేది కస్టడీలో. అరెస్టయిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. రిమాండ్ (కస్టడీలో ఉంచే ఉత్తర్వు) రాసే ఆ కొద్ది నిమిషాలే కీలకం. అక్కడ లాయరు లేకపోతే అరెస్టు కారణాలు చెప్పారా లేదా అని అడిగేవాడు ఉండడు, ఒంటి మీది గాయాలను రికార్డులోకి ఎక్కించేవాడు ఉండడు, బెయిలు అడిగేవాడు ఉండడు. మేజిస్ట్రేటు కోర్టులకు కేటాయించిన రిమాండ్ లాయర్లు ఉండేది ఇందుకే. కుటుంబ సభ్యులు చేయాల్సింది ఒకటి ఉంది: స్టేషన్ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, అరెస్టు చేసిన సమయం, ఎవరెవరు చూశారన్నది కాగితం మీద రాసి ఆ లాయరు చేతికివ్వడం. నిందితుడు మేజిస్ట్రేటుతో ‘నాకు లాయరు లేరు, ప్రభుత్వ ఖర్చుతో ఇప్పించండి’ అని స్పష్టంగా అనాలి. ఆయన అనకపోయినా చెప్పాల్సిన బాధ్యత మేజిస్ట్రేటుదేనని కసబ్ కేసులో (2012) సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది. చెప్పని మేజిస్ట్రేటుపై శాఖాపరమైన చర్య ఉంటుందంది. దేశంమీద దాడి చేసిన విదేశీయుడి కేసులో ఈ మాట అన్నారంటే, ఈ హక్కు మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న లెక్కతో ఇచ్చేది కాదని తెలుస్తుంది.

2022 నుంచి జిల్లాల్లో వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ పాత ప్యానెల్ పద్ధతి (ప్రాక్టీసు చేసే లాయర్ల జాబితాలోంచి కేసుకొకరిని కేటాయించడం) కంటే చాలా మెరుగు, ఈ మాట నిస్సంకోచంగా చెప్పొచ్చు. ప్యానెల్ లాయరుకు సొంత కేసులుంటాయి. సర్కారు కేసుకు వచ్చే ఫీజు తక్కువ, అదీ ఆలస్యం. మంచి లాయరైనా వాయిదా రోజు జూనియర్‌ను పంపడం, సాక్షిని క్రాస్ చేయకుండా వాయిదా అడగడం అందుకే జరుగుతాయి. కొత్త వ్యవస్థలో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అనే హోదాల్లో పూర్తికాలం లాయర్లు ఉంటారు, ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదు, పని అంతా నిందితుల తరఫునే. పబ్లిక్ ప్రాసిక్యూటరుకు ఎదురుగా అదే స్థాయి ఆఫీసు ఒకటి నిలబడిందన్నమాట. పరిమితులూ ఉన్నాయి. బాధితుల తరఫున ఈ లాయర్లు రారు. సివిల్, కుటుంబ కేసులు ఇప్పటికీ ప్యానెల్ లాయర్లకే వెళ్తాయి. పైగా ఉన్న కొద్దిమంది మీద కేసులు గుట్టలుగా పడితే పాత జబ్బే తిరగబెడుతుంది.

డబ్బిచ్చేది రాజ్యం, కేసు పెట్టింది రాజ్యం, మరి లాయరు ఎవరి మనిషి? సరైన అనుమానమే. చట్టం దీనికి ఒక జవాబు ఇచ్చింది: డబ్బు ప్రభుత్వానిది, నిర్వహణ న్యాయవ్యవస్థది. జాతీయ సంస్థకు సుప్రీంకోర్టు న్యాయమూర్తి, జిల్లా సంస్థకు జిల్లా జడ్జి అధ్యక్షులు. జిల్లా కార్యదర్శి కూడా న్యాయాధికారే. కలెక్టరు చేతిలోనో ఎస్పీ చేతిలోనో పెట్టకపోవడం ఈ ఏర్పాటులోకెల్లా తెలివైన అంశం. ఒక చిక్కు మాత్రం మిగిలింది. లాయర్ల ఎంపికలో ఎవరి మాట చెల్లుతుందో, ఆ జిల్లా జడ్జి ముందే ఆ లాయరు గట్టిగా వాదించాలి. నచ్చిన లాయరును ఎంచుకునే హక్కు 22(1)లో ఉంది, ఈ సేవలో పూర్తిగా లేదు. ఇచ్చిన లాయరు పని చేయకపోతే కారణాలు రాసి మార్చమని కార్యదర్శిని అడగొచ్చు. వాయిదా తేదీలు, లాయరు రాని రోజులు రాసి ఉంచుకుంటే ఆ దరఖాస్తుకు బలం వస్తుంది. పైసా అడిగినా అది ఫిర్యాదు చేయాల్సిన తప్పే. ‘గుమాస్తా ఖర్చులు’, ‘టైపింగు’ అన్న పేర్లతో అడిగేదీ అందులోకే వస్తుంది.

బెయిలు వచ్చాక కూడా జైల్లోనే ఉండిపోయేవాళ్ల సంగతికొస్తే, స్వేచ్ఛ గురించిన చర్చ అంతా అక్కడ తేలిపోతుంది. ఉత్తర్వు చేతిలో ఉంటుంది, జామీను ఇచ్చేవాడు ఉండడు. రాజ్యం విడుదల చేస్తానంటుంది, మనిషి మాత్రం లోపలే. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బెయిలు ఉత్తర్వు అదే రోజు లేదా మర్నాడు ఈమెయిల్‌లో జైలుకు చేరాలి. 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. కుటుంబం చేయాల్సిందల్లా ఎనిమిదో రోజున ఆ కార్యదర్శి ఆఫీసుకు వెళ్లి ‘జైలు నుంచి సమాచారం వచ్చిందా’ అని అడగడం. బెయిలబుల్ నేరమైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 478వ సెక్షన్ చూపించండి: వారంలోపు జామీను ఇవ్వలేనివాణ్ణి పేదవాడిగానే భావించి సొంత బాండు మీద వదలాలి. 479 ఇంకా విలువైనది. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని వ్యక్తి, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బాండు మీద విడుదలకు అర్హుడు, మిగతావాళ్లకు సగం. మరణశిక్ష లేదా జీవిత ఖైదు పడగల నేరాలకు ఇది వర్తించదు, ఒకటికి మించి కేసులు నడుస్తున్నా వర్తించదు. కోర్టుకు దరఖాస్తు పంపాల్సింది జైలు సూపరింటెండెంటే. లెక్క తప్పేది ఎక్కువగా అరెస్టు తేదీ దగ్గరే, అందుకే రిమాండ్ ఉత్తర్వు నకలు కుటుంబం దగ్గర ఉండి తీరాలి. ఇక కేంద్రం 2023లో పెట్టిన పేద ఖైదీల పథకంలో, విచారణ ఖైదీ జామీనుకు, శిక్ష పడినవాళ్ల జరిమానాకు డబ్బు ఇచ్చే ఏర్పాటు ఉంది. దాన్ని కదిలించాలన్నా మళ్లీ ఇదే ఆఫీసు.

ఇవే సంస్థలు కేసులను రాజీతో ముగించడానికి నడిపే లోక్ అదాలత్ దగ్గరికి వచ్చేసరికి మెచ్చుకోలు తగ్గించుకోవాలి. చెక్ బౌన్స్, ప్రమాద పరిహారం, బ్యాంకు బాకీలు, రాజీపడదగ్గ చిన్న క్రిమినల్ కేసులకు అది మంచి దారే. కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది, అక్కడి రాజీ ఉత్తర్వు (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం. చెక్ బౌన్స్ కేసులో రాసుకున్న అవార్డును కూడా డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ అవార్డుపై అప్పీలు లేదు. మోసం జరిగిందనో, నిజమైన సమ్మతి లేదనో చూపించగలిగితే హైకోర్టులో రిట్ ఒక్కటే దారి. అలాంటి కాగితం మీద సంతకం పెట్టే ముందు మనిషికి ఆలోచించుకునే సమయం ఉండాలి. జాతీయ లోక్ అదాలత్ రోజున ఎన్ని కేసులు పరిష్కరించామన్న లెక్క మీదే అందరి కళ్లూ ఉంటాయి. ‘ఎన్నాళ్లు తిరుగుతావమ్మా, వచ్చింది తీసుకో’ అన్న మాట ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న మనిషికి సలహాలా వినిపించదు, తీర్పులా వినిపిస్తుంది. బెర్లిన్ భయపడింది సరిగ్గా దీని గురించే: నీకేది మేలో నీకంటే మాకే బాగా తెలుసంటూ, నీ పేరు మీదే నీ చేయి పట్టుకుని సంతకం పెట్టించే అధికారం. లోక్ అదాలత్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు, రాజీని రాతలో పెట్టే అధికారమే ఉందని 2008లో జలోర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఒప్పుకోకపోతే కేసు తిరిగి మామూలు కోర్టుకు వెళ్తుంది, కోల్పోయేది ఏమీ ఉండదు. ఈ మాట బెంచి ముందు కూర్చున్న ప్రతి కక్షిదారుకూ ముందే చెప్పి తీరాలి.

సంతకానికి ముందు చూసుకోవాల్సినవి: మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా, కట్టాల్సిన తేదీ రాశారా, కట్టకపోతే వడ్డీ ఎంతో రాశారా, వాయిదాల్లో ఒకటి తప్పితే మిగతా మొత్తం ఒకేసారి కట్టాలన్న షరతు ఉందా. చివరి రెండూ లేని అవార్డులే తర్వాత అమలు పిటిషన్లుగా మారి ఏళ్లు తినేస్తాయి. కోర్టు ఫీజు వాపసుకు ఆ రోజే మెమో వేయండి.

పర్మనెంట్ లోక్ అదాలత్ వేరే సంస్థ. పేరు దగ్గరగా ఉండటం వల్ల దాన్ని వాడుకోవాల్సినవాళ్లు కూడా వాడుకోవడం లేదు. కరెంటు, నీళ్లు, పారిశుద్ధ్యం, రవాణా, తపాలా, టెలిఫోన్, ఆసుపత్రి, బీమా సేవలపై కోటి రూపాయల లోపు వివాదాలను, కోర్టుకు వెళ్లకముందే అక్కడ పెట్టొచ్చు. కోర్టు ఫీజు లేదు. రాజీ కుదరకపోతే, వివాదం నేరానికి సంబంధించింది కాకపోతే, అదే తీర్పు చెబుతుంది. బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించినవాళ్లకు ఇది చాలా మంచి వేదిక. కంపెనీ ‘రాజీకి రాము’ అని ముఖం చాటేసినా కేసు అక్కడితో ఆగదు. తిరస్కరణ లేఖ, పాలసీ పూర్తి ప్రతి, ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, కంపెనీకి మీరు రాసిన ఉత్తరాలు తేదీల వరుసలో జత చేయండి. ఒక్క హెచ్చరిక: ఇక్కడ దరఖాస్తు వేశాక అదే వివాదంతో ఇంకో కోర్టుకు వెళ్లడం కుదరదు. వినియోగదారుల కమిషనా, ఇదా అన్నది ముందే తేల్చుకోవాలి. పరిహారం మొత్తం కోటి దాటేలా ఉంటే ఇటు రాకండి.

కస్టడీలో ఉన్నవాళ్లకు, బెయిలు వచ్చినా బయటికి రానివాళ్లకు ఈ సేవ తప్పకుండా వాడుకోదగ్గది. బయట లాయరును పెట్టుకునే డబ్బున్నా మొదటి రిమాండ్ రోజున దీన్ని వదులుకోవద్దు. మహిళల భరణం, గృహహింస కేసులకు వాడుకోండి, వాయిదాల లెక్క మాత్రం మీరే పెట్టుకోండి. ఆస్తి తగాదాల్లాంటి దీర్ఘకాలపు సివిల్ కేసులకు, ప్యానెల్ లాయరు ఎవరో చూసి, ఒకసారి కూర్చుని మాట్లాడాకే వకాలత్ మీద సంతకం పెట్టండి. దరఖాస్తు తిరస్కరిస్తే ఆ సంస్థ చైర్మన్‌కు అప్పీలు ఉంది. జిల్లాలో అయితే జిల్లా జడ్జికి. తిరస్కరణ ఉత్తర్వు నకలు, ముద్ర వేయించుకున్న మీ దరఖాస్తు ప్రతి, ఏ ఉపసెక్షన్ కింద అర్హులో చెప్పే ఒక పేజీ, ఈ మూడూ చాలు.